మంచుకొండ కుక్కకు తేమ పరీక్ష

నాగరికత అంటే ఏమిటో పెద్దలు రకరకాలుగా చెప్పారు. నన్నడిగితే, కుక్క పుట్టకముందే అది ఏ రంగులో ఉండాలో తేల్చేసి, ఆ నియమాలు అచ్చు వేయించుకుని, తర్వాత కుక్క కోసం ఎదురుచూడటమే నాగరికత. ఆ లెక్కన మన కొల్లేటి ప్రాంతం ఈ మధ్యే నాగరిక ప్రపంచంలో చేరింది. తాడేపల్లిగూడెంలో, ఒకప్పుడు ధాన్యం నిల్వచేసిన గోదాములో, మహాకాయ పర్వత శునక స్వరూప ప్రమాణాల మండలి వెలిసింది. (దగ్గర్లో పర్వతం లేదు. లేనిచోటే క్రమశిక్షణ ఎక్కువ అవసరమని మండలి అభిప్రాయం.)

నియమం సులువైనదే. మంచుకొండల జాతి కుక్కను పెంచుకునేవారు దానికి స్వరూప ధ్రువపత్రం తెచ్చుకోవాలి. కుక్క ఒళ్ళంతా తెల్లగా ఉండాలి. చెవుల దగ్గర, తోక మొదట్లో లేత గోధుమరంగు మచ్చలుండవచ్చు గానీ అవి ఒంట్లో మూడోవంతు దాటరాదు. బొచ్చు రెండు పొరలుగా, నిండుగా ఉండాలి. ధ్రువపత్రం లేని కుక్క ఎవరి ఒళ్ళో తలపెట్టి పడుకున్నా సరే, వీధికుక్క కిందే లెక్క. మండలి బండి వచ్చి పట్టుకుపోతుంది. ఎక్కడికన్నది అనుబంధంలో ఉందట. (అనుబంధం ఇంకా అచ్చు కాలేదు.)

కలిదిండి దగ్గర చేపల చెరువులు చేసుకునే పాండురంగారావు గారింట్లో అలాంటి కుక్క ఒకటి ఉంది. గట్టు మీద కాపలాకని కూనగా తెచ్చారు. ఒళ్ళో ఇమిడే రోజుల్లో బుజ్జి అని పేరు పెట్టారు. ఇప్పుడది లేచి నిలబడితే గుమ్మంలో వెలుతురు రాదు, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. చేపలు పట్టే రోజున ఐసు లారీ వస్తే, పెట్టెల్లో పోయాల్సిన ఐసు మీద ముందుగా అది బోర్లా పడుకుంటుంది. కూలీలు దాని పక్కనుంచే పారలతో ఎత్తుకుంటారు. మిగతా రోజుల్లో చెరువులో ఉంటుంది. పాండురంగారావు గారి భార్య కుసుమకు అదంటే ప్రాణం. పిల్లలు విసుక్కుంటారు కూడా, తమకంటే దానికే ముందు అన్నం కలుపుతుందని.

ధ్రువపత్రం కోసం కుసుమ బుజ్జిని ట్రాలీ ఆటోలో ఎక్కించి గూడెం తీసుకెళ్ళింది. మండలి ముఖ్య పరీక్షకుడు రాజరత్నం గారు. ధాన్యం కొనుగోళ్ళలో నాణ్యత చూసి, చూసి, రిటైరైన మనిషి. కుక్కను ఎన్నడూ పెంచలేదు. నాణ్యత తెలిసినవాడికి సరుకు తెలియక్కర్లేదని మండలి ఆయన్ను ఏరి కోరి తెచ్చుకుంది. ఆయన సొరుగు లాగి, పాత తేమ యంత్రం తీసి, బుజ్జి వీపు మీద ఆనించారు.

"తేమ ఎక్కువుందమ్మా."

"పొద్దున్నే చెరువులో దిగిందండి. ఈ ఎండలకి దిగకుండా ఉండలేదండి."

"పదిహేడు శాతం దాటితే తీసుకోమమ్మా. ఆరబెట్టి తీసుకురండి."

"కుక్కనాండీ?"

"ఏదైనా ఒకటేనమ్మా. బరకం మీద పల్చగా పరిచి, మధ్యమధ్యలో తిరగేస్తూ ఉండండి."

ధాన్యం ఆరబెట్టడం చేతగానివాళ్ళు మన జిల్లాలో ఎవరున్నారు? మే నెల ఎండలో రోడ్డు వార బరకం పరిచారు. బుజ్జిని పడుకోబెట్టారు. పాండురంగారావు గారు గొడుగు పట్టబోతే, అటుగా పోతున్న రైతులు నీడ తగిలితే ఆరదని సలహా ఇచ్చారు. బుజ్జి నాలుక బయటపెట్టి రొప్పుతూ కుసుమనే చూస్తోంది. లేచి పారిపోవచ్చు. ఆమె ఉండమంది కాబట్టి ఉంది. రాస్తూంటే నాకే ఒళ్ళు మండుతోంది, ఇక చూసిన మనిషికి ఎలా ఉంటుంది? ఆమె చివరికి బరకం చుట్టి అవతల పారేసి, తనే దాన్ని చెరువులోకి దింపింది.

రెండోసారి తెల్లవారకముందే గొలుసు కట్టి, పొడిగా తీసుకెళ్ళింది. తేమ సరిపోయింది. రాజరత్నం గారు పొట్ట దగ్గర చిటికెడు బొచ్చు పీకి, పళ్ళెంలో పరిచి, భూతద్దం పెట్టారు. చెరువు నీళ్ళకు అది నాచురంగు తిరిగింది.

"రంగు మారినవి ఎక్కువున్నాయమ్మా. తాలు కూడా ఉంది."

"మచ్చలు మూడోవంతు దాకా ఉండొచ్చన్నారు కదండీ?"

"అవి పుట్టుకతో వచ్చినవాటికమ్మా. ఇది నిల్వలో వచ్చిన దోషం."

"పోనీ బొచ్చు తీయించేస్తానండి. ఉడికిపోతోందండి అది."

"తీస్తే నిండుదనం పోతుంది కదమ్మా. అప్పుడసలు పరీక్షకే పనికిరాదు."

"మరి చచ్చిపోతేనండీ?"

రాజరత్నం గారు చెడ్డవారు కాదు. కళ్ళజోడు సర్దుకుని నియమావళి మొత్తం ఓపిగ్గా తిరగేశారు. "చనిపోయిన శునకానికి రంగు నిబంధన వర్తించదమ్మా" అన్నారు, ఆమెకు ధైర్యం చెప్పాలనే.

ఆ వారమే బుజ్జి గట్టు మీద కూలబడింది. పశువుల డాక్టరు ఇందుజ వచ్చి బొచ్చు విడదీసి చూసింది. లోపల తడి ఆరక చర్మం పుండ్లు పడింది, పైన ఎండ. "ఇవాళే తీసెయ్యండి. రేపంటే నేను చెప్పలేను" అంది. కోతలైన చేలల్లో మందలు కట్టుకున్న గొర్రెలవాళ్ళు కత్తెరలు పట్టుకొచ్చారు. పని అయ్యాక బుజ్జి సగానికి సగమైంది. గులాబీరంగు చర్మంతో, పెద్ద తలతో, ఏ జంతువో చెప్పలేని ఆకారంతో లేచి నిలబడి, బకెట్టు నీళ్ళు తాగి, అన్నం తింది. కుసుమ అక్కడే కూర్చుని ఏడ్చేసింది. బతికిందన్న ఏడుపు అది.

ఆవిడకు మండలి మీద ఇంకా నమ్మకం చావలేదు. తన కుక్క అసలు రంగు తెలుపేనని రుజువు చేద్దామని, తీసిన బొచ్చంతా కుంకుడురసంతో ఉతికి, నీడన ఆరబెట్టి, గోనె బస్తాలో నింపింది. బస్తాను, బుజ్జిని ట్రాలీలో వేసుకుని మళ్ళీ గూడెం వెళ్ళింది.

రాజరత్నం గారు బుజ్జి వంక చూడలేదు. బస్తా కనపడగానే ఉద్యోగకాలపు అలవాటు కొద్దీ ఆయన చెయ్యి శాంపిల్ గొట్టం మీదికి పోయింది. బస్తాలో గుచ్చి తీశారు. తేమ లేదు. రంగు మారిన వెంట్రుక ఒక్కటీ లేదు. తాలు లేదు, మట్టి లేదు, రెండు పొరలూ పుష్కలంగా ఉన్నాయి. ఆయన మొహం విప్పారింది.

"ఈ మండలికి వచ్చాక ఇంత మంచి సరుకు చూళ్ళేదమ్మా" అని ధ్రువపత్రం మీద ముద్ర వేసి, దబ్బనం తీసుకుని బస్తా మూతికి కుట్టేశారు.

"దీని మెళ్ళో కట్టొద్దాండీ?" అంది కుసుమ, బుజ్జిని చూపిస్తూ.

"సరుకు ఎక్కడుంటే ట్యాగు అక్కడే ఉండాలమ్మా. సరుకు బస్తాలో ఉంది."

"మరి ఇదండీ?"

ఆయన అప్పుడు చూశారు. "ఇది ఖాళీ అయిన బస్తా కింద లెక్కమ్మా" అన్నారు.

మండలి బండి కలిదిండి దాకా రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. (అన్ని పనుల్లోనూ మండలి ఇంత చురుకుగా ఉండదు.) సూపర్‌వైజరు నెహెమ్యా మర్యాదస్తుడు, చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. వరండాలో బస్తాకున్న ధ్రువపత్రం పూర్తిగా చదివి, అన్నీ సక్రమంగా ఉన్నాయని తన ఫోన్‌లో ఎక్కించి, బస్తాతో కలిపి ఒక ఫొటో తీసుకున్నాడు. అప్పుడు బుజ్జి కనపడింది.

"ఇదెవరిదండి?"

"అదే ఇదండి. ఆ బొచ్చు దీనిదేనండి" అన్నారు పాండురంగారావు గారు.

"పత్రంలో తెల్లగా, నిండుగా ఉంటుందని రాశారండి. ఇదేమో బోడిగా ఉంది. పైగా ఇంటికి ఒక్క పర్వత శునకమేనండి. మీకు ఆల్రెడీ ఉంది కదా."

పాండురంగారావు గారు బండికి అడ్డం నిలబడ్డారు. కావాలంటే డాక్టరు గారిని పిలవండి, గొర్రెలవాళ్ళని అడగండి అన్నారు. అవన్నీ నోటిమాటలన్నాడు నెహెమ్యా. కుసుమ బుజ్జి మెడను రెండు చేతులా పట్టుకుని కింద కూర్చుండిపోయింది. "ఇంకాస్త పెరగనివ్వండి బాబూ, మళ్ళీ వస్తుంది బొచ్చు" అంది. అతని మనుషులు "వదలండమ్మా, తప్పుకోండమ్మా" అంటూ, ఎక్కడా గోరు తగలకుండా, ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీశారు. బండెక్కించాక బుజ్జి చువ్వల్లోంచి ఆమె ఉన్నవైపే చూస్తూ నిలబడింది.

తలుపుకు గొళ్ళెం పెట్టించాక నెహెమ్యా మళ్ళీ వరండా ఎక్కి, బస్తాను నేల మీంచి ఎత్తి బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు.

"మీ కుక్కని కింద వదిలెయ్యకండమ్మా" అన్నాడు. "ఎలకలు కొట్టేస్తాయి."