ఎలుగుబంట్ల కొండ మీద మాటసాయం

ఎనిమిదింటికి బయల్దేరడం, పదకొండుకల్లా జలపాతం చూడడం, రెండింటికల్లా దిగొచ్చి బస గదుల్లో నడుం వాల్చడం. పైకి చూస్తే అమ్మ వేసిన ప్రణాళిక ఇంతే. లోపల ఇంకొకటుంది. ఆ కొండ దిగేలోగా కొడుకులిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడాలి. వాళ్లకి మాటల్లేక ఎనిమిది నెలలైంది.

వాళ్లది ఫొటోలకి ఫ్రేములు కట్టే షాపు. పెద్దోడు గాజు కోస్తాడు, చిన్నోడు చెక్క కోస్తాడు. ఒక పెళ్లి ఫొటోకి గాజు పావంగుళం ఎక్కువొచ్చి ఫ్రేములో పట్టలేదు. కొలత తప్పు చెప్పావని ఒకడు, కోత తప్పు కోశావని ఇంకొకడు! ఆ మర్నాటినుంచి షాపు గోడకి ఒక పలక వేలాడింది. కావలసిన కొలత దాని మీద రాయడం, చదివినవాడు తుడిచెయ్యడం. ఇంట్లో మాత్రం పలక అమ్మే. "వాడికి చెప్పు" అని ఒకడు, "ఆయనకి చెప్పు" అని ఒకడు.

ఈమధ్య ఇద్దరూ విడివిడిగా వచ్చి ఆవిడ చెవిలో ఒకటే మాట ఊదారు, షాపు పంచేసుకుంటామని. అమ్మ గుండెల్లో రాయి పడింది. వాళ్ల నాన్న కట్టిన షాపు అది. ఆయన పోయాక పదేళ్లు తలుపులు తీసింది తను. నోరారా నాలుగు మాటలనుకుంటే ఈ పంపకం గోలంతా ఎగిరిపోతుందని ఆవిడ నమ్మకం. అందుకే ఆ మాటని ఒకరిది ఒకరికి చేరవెయ్యకుండా, కోడళ్లతో సహా అందర్నీ కూడగట్టుకుని సెలవులకి బయల్దేరింది.

కొండ మొదట్లో అటవీ గార్డు అయిదుగుర్నీ ఆపాడు.

"ఇక్కడ ఎలుగుబంట్లున్నాయండీ. మనుషులొస్తున్నారని తెలిస్తే అవే తప్పుకుంటాయి. తెలియక ఎదురుపడితేనే గొడవ. కాబట్టి విడిపోకండి. దారంతా గట్టిగా మాట్లాడుకుంటూ నడవండి. కనబడితే మాత్రం పరుగెత్తకండి."

అమ్మ ముఖం చేటంతయింది. "గట్టిగా మాట్లాడుకోవాలంట! విన్నార్రా?"

విన్నారు. చిన్నోడు వెళ్లి అందరికంటే ముందు నిలబడ్డాడు, పెద్దోడు అందరికంటే వెనక. చిన్నోడి వెనక చిన్నకోడలు, పెద్దోడి ముందు పెద్దకోడలు, నడుమ అమ్మ. ఇక నడవండి!

పావుగంట గడిచాక పెద్దోడు గొంతు సవరించుకున్నాడు. అమ్మ చెవులు రిక్కించింది.

"వాడి బూటు లేసు ఊడింది. కట్టుకోమను, పడి చస్తాడు," అన్నాడు పెళ్లాంతో.

"అత్తయ్యా, మరిదిగారి లేసు ఊడిందట. పడి చస్తారట," అంది పెద్దకోడలు.

అమ్మకో అలవాటుంది. ఏ మాటనీ ఉన్నదున్నట్టు దాటించదు. చేదు తీసేసి, కాస్త తీపి కలిపి పంపుతుంది. ఇప్పుడు ఆ చావు మాట తీసేసింది. తీసేశాక చూస్తే చేతిలో బూటు తప్ప ఏమీ మిగల్లేదు.

"చిన్నోడా! నీ బూట్లు బాగున్నాయంటున్నాడ్రా అన్నయ్య!"

చిన్నోడు ఉలిక్కిపడ్డాడు. అవి అన్నయ్య బూట్లే మరి! మాటల్లేని మనిషిని ఎలా అడగడమని, పొద్దున అడక్కుండానే తొడుక్కొచ్చాడు. "వెటకారమా? కావాలంటే ఇక్కడే విప్పిచ్చేస్తానని చెప్పమ్మా!" అని వెనక్కి తిరిగి అరుస్తూ, లేసు తానే తొక్కుకుని బోర్లా పడ్డాడు.

"చెప్పినా వినడు!" అన్నాడు వెనకనుంచి పెద్దోడు.

"నేను పడాలనే చూస్తున్నాడు!" అన్నాడు నేల మీదనుంచి చిన్నోడు.

రెండు మాటలూ ఒకేసారి అమ్మ దగ్గరికొచ్చాయి. ఆవిడ రెండింటినీ మింగేసి, "ఒకరంటే ఒకరికి ఎంత దిగులో!" అంది. కోడళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఇంకాస్త ముందుకెళ్లాక, ఇల్లంత బండరాయి ఒకటి దారిని రెండుగా చీల్చిన చోటు దాటుతూ, చిన్నోడు టక్కున ఆగిపోయాడు. మట్టిలో పెద్ద పెద్ద అడుగులు. తడి కూడా ఆరలేదు. "ఎలుగుబంటమ్మా! వెనక్కి వెళ్లిపోదామని ఆయనకి చెప్పు!"

అమ్మ గుండె గుభేలుమంది. ఎలుగుబంటికి కాదు. ఇప్పుడే వెనక్కి తిరిగితే ఇంతా చేసి ఈ ప్రయాణం ఎందుకు?

"పెద్దోడా! తమ్ముడు నిన్ను ముందుకి రమ్మంటున్నాడ్రా. నీకేదో చూపించాలంట!"

"నన్నా? వాడా?" అన్నాడు పెద్దోడు. పిలవగానే పరుగెత్తితే చులకనైపోతానని ఒక్క నిమిషం ఆగాడు. ఆ నిమిషంలో చిన్నోడికి ఓపిక చచ్చిపోయింది.

"ఏమన్నాడమ్మా? వెనక్కేనా?"

అమ్మ తల ఊపింది. అవునని ఊపిందో కాదని ఊపిందో ఆవిడకే తెలియదు. చిన్నోడు బండకి కుడివైపునుంచి వెనక్కొచ్చాడు. సరిగ్గా అప్పుడే పెద్దోడు ఎడమవైపునుంచి ముందుకెళ్లాడు.

"అక్కా, బావగారేరి?" అంది చిన్నకోడలు.

"మీ ఆయన కోసం అటెళ్లారు. మీ ఆయనేరి?"

"మీ ఆయన కోసం ఇటెళ్లారు."

"మరి మనం ఎవరి వెనక నడవాలి?"

ముగ్గురూ అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేసి బండ పక్కనే నిలబడిపోయారు.

అవతల పెద్దోడికి తమ్ముడు కనబడలేదు, అడుగులు కనబడ్డాయి. 'ఇదా వీడు చూపిస్తానన్నది?' అనుకుంటుండగా బండ వెనక పొదలు గలగలమన్నాయి. అవి కదిలించింది అన్న కోసం వెతుకుతున్న చిన్నోడే. ఆ సంగతి పెద్దోడికేం తెలుసు? పై ప్రాణాలు పైనే పోయాయి. గట్టిగా మాట్లాడమన్నాడు గార్డు. ఏం మాట్లాడతాడు పాపం? ఇరవై ఏళ్లుగా ఆ నోట్లో నానుతున్నవి కొలతలే.

"పన్నెండు పదిహేను!" అని కేకపెట్టాడు. "పన్నెండు పదిహేను!"

పొదల్లో గలగల ఆగింది.

"పన్నెండు కాదు! పదకొండు ముప్పావు! ఆ రోజూ ఇదే చెప్పాను!"

"ఎప్పుడు చెప్పావురా? పన్నెండన్నావు!"

"టేపు పట్టి మరీ చూపించాను!"

"టేపు తిరగేసి పట్టావు!"

బండ చుట్టూ తిరిగి ఇద్దరూ ముక్కూ ముక్కూ తగిలేలా నిలబడ్డారు. గొంతులు కొండంతా మోగిపోతున్నాయి. అమ్మకి ఆనందం పట్టలేదు. అదిగో, అప్పుడొచ్చింది అసలు ఎలుగుబంటి. వాళ్లకి ఓ పక్కగా, ఇరవై అడుగుల దూరంలో వెనకకాళ్ల మీద లేచి నిలబడింది.

పెద్దకోడలు అత్తగారి చెయ్యి నలిపేసింది. "అత్తయ్యా! వాళ్లకి చెప్పండి!"

అమ్మ నోరు పెగల్లేదు. భయంతో అనుకునేరు! చెబితే ఆ మాటలు ఆగిపోతాయి. మళ్లీ ఎన్ని నెలలకో. "ఒక్క నిమిషం ఉండవే," అంది గొణుగుతూ. "ఇప్పుడిప్పుడే దారిలో పడుతున్నారు."

ఎలుగుబంటి కాసేపు పెద్దోడి మాట విన్నది, కాసేపు చిన్నోడి మాట విన్నది. పావంగుళం తగాదా తనవల్ల తేలేది కాదనుకుందేమో, నాలుగు కాళ్ల మీదకి దిగి చెట్లలోకి వెళ్లిపోయింది.

ఆ కేకలకి గార్డు పరుగెత్తుకొచ్చాడు. చిన్నకోడలు సంగతంతా చెప్పాక గానీ అన్నదమ్ములకి ఎలుగుబంటి వచ్చిపోయిందని తెలియలేదు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని అక్కడే చతికిలబడ్డారు. తర్వాత నవ్వు మొదలైంది. అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. గెలిచాననుకుంది.

"ఏదో చూపిస్తానని పిలిచావటగా?" అన్నాడు పెద్దోడు.

"నేనా? వెనక్కి పోదామన్నాను! నువ్వే బూట్లు బాగున్నాయని..."

"లేసు కట్టుకోమన్నాను!"

ఇద్దరూ అమ్మ వైపు తిరిగారు. అమ్మ చెట్ల వైపు తిరిగింది.

"అయితే షాపు పంచుకుందామని నేనన్నది కూడా వాడికి చెప్పలేదన్నమాట!"

"నువ్వూ అన్నావా అన్నయ్యా? నేనూ అన్నాను! నువ్వు సరే అనలేదేమోనని ఇన్నాళ్లూ ఊరుకున్నాను."

ఇంకేముంది! ఇన్నాళ్లూ తెమలని పంపకం పది నిమిషాల్లో తెమిలిపోయింది. భుజాల మీద చేతులేసుకుని, పుల్లతో మట్టిలో గీతలు గీసుకుని, నువ్వు ముందు తీసుకో అంటే నువ్వు ముందు తీసుకో అని బతిమాలుకుని మరీ తేల్చేశారు. గాజు వైపు పెద్దోడికి, చెక్క వైపు చిన్నోడికి. మధ్యలో గోడ.

"గోడకో పెద్ద కిటికీ పెట్టాలన్నయ్యా."

"పెట్టాలి మరి."

"కిటికీ ఎందుకురా?" అంది అమ్మ నీరసంగా.

"మాట్లాడుకోవాలి కదమ్మా!" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.

అమ్మ చాలాసేపు మట్టిలో ఆ గీతనే చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి, చీర దులుపుకుని, గార్డు దగ్గరికెళ్లింది.

"బాబూ, ఆ ఎలుగుబంటి మళ్లీ ఇటు ఎప్పుడొస్తుంది?"