నోరు మూసిన ఫోటో కొరకు మహాసంగ్రామము

సూర్యభగవానుడు ఎదురింటి నీళ్ళ ట్యాంకును అధిగమించి మూడవ అంతస్తు కిటికీలోనికి తొంగిచూచు వేళ, కుక్కరు మూడవ ఈల వేసి అలసి ఆవిరి వదలు వేళ, తీగపై ఆరుచున్న చంటిబట్టల తోరణముల నడుమ, ఒకే గదియు ఒకే వంటయిల్లును గల ఆ సౌధరాజమున, గోడగడియారము పదకొండు గంటల అయిదు నిమిషములను, చేతిఫోను నలుబదిరెండు శాతము చార్జిని చూపుచుండగా, ఆరంభమయ్యెను ఆ మహాసంగ్రామము! వినుడు, పిల్లలను కన్నవారలారా! కనకపోయినను ఏదో ఒక ఫారము నింపబోయి భంగపడినవారలారా, మీరును వినుడు! ఇది రాజ్యము కొరకు జరిగిన పోరు కాదు, రత్నసింహాసనము కొరకు అంతకన్న కాదు. ఎనిమిది నెలల పాప నోరు మూసి, కన్నులు తెరచి, తెల్లని గుడ్డ ముందు కనబడు ఒకానొక ఫోటో కొరకు జరిగినది.

ఎవరా వీరనారి? పాలసీసా ధారిణి, నిద్రాభంగ సహస్ర విజేత్రి, తలుపునకు తాళము వేసితినా లేదా అని మెట్లు దిగి మరల ఎక్కి చూచుకొను శంకాకుల మానస, పాప తుమ్మినచో జ్వరమనియు, తుమ్మకున్నచో ఊపిరాడుట లేదనియు గుండె చేతబట్టుకొను తల్లి. పదవ తరగతి పరీక్షలకు రెండు నెలల ముందు, ఇంట చంటిచెల్లెలిని చూచువారు లేరని బడి మానినది. పుస్తకము విడిచిన ఆ చేతులు కుట్టుమిషను పట్టినవి. ఇన్నేండ్లకు బట్టల ఫ్యాక్టరీ వారు పిలిచిరి. సోమవారము ఉదయమున, తన చేత కుట్టిన తెల్లచొక్కా నొకదానిని నమూనాగా చూపి, పనిలో చేరవలెను. అత్తగారికి మోకాళ్ళు సహకరింపవు. పాకుచు పరుగులు తీయు పాపను పట్టుట ఆమె వలన కాదు. కాబట్టి ఫ్యాక్టరీ వెనుకనున్న శిశుకేంద్రమున పాపకు సీటు దొరకవలెను. ఉన్నది ఒకే ఒక సీటు. గడువు నేటి మధ్యాహ్నము పన్నెండు గంటలు. సీటు లేనిచో పని లేదు. చంటిబిడ్డను చూచువారు లేక మరల ఒకమారు ఇంటనే నిలిచిపోవలెను.

నిన్ననే ఆ తల్లి పాపను చంకనెత్తుకొని స్వయముగా కార్యాలయమునకు పోయియుండెను. గుమాస్తా తల యెత్తలేదు.

"అంతా యాప్‌లోనేనమ్మా. మా చేతుల్లో ఏం లేదు."

"పాప ఇదిగో, మీ ఎదురుగానే ఉంది కదండీ. చూసి రాసుకోండి."

"నాకు కనిపిస్తే ఏం లాభమమ్మా? యాప్‌కి కనిపించాలి."

అనుచుండగనే పాప అతని కలమును లాగికొని నోట పెట్టుకొనెను. అయినను ఆమె ఉన్నట్లు ఆ కార్యాలయమునకు తెలియలేదు.

ఆ యాప్ పేరు చిరునవ్వు. తెరచిన ప్రతిమారును మొదట మహానాయకుని అరనిమిష ప్రసంగము వచ్చును. దానిని దాటించు మీట లేదు. "నా అక్కచెల్లెళ్ళారా, మీ బిడ్డల నవ్వే నా బలం" అని ఆయన గర్జించిన పిమ్మట నియమావళి ప్రత్యక్షమగును: శిశువు నోరు మూసి ఉండవలెను, కన్నులు తెరచి ఉండవలెను, నవ్వరాదు, వెనుక తెల్లగా ఉండవలెను, అన్యుల ముఖము కనబడరాదు, అయిదు ప్రయత్నములు మాత్రమే.

"చిరునవ్వు అని పేరు పెట్టి నవ్వొద్దంటాడేమిటే?" అని అత్తగారు చిక్కుడుకాయలు ఒలుచుచు ప్రశ్నించెను.

పార్సిళ్ళు చేరవేయు వృత్తియందుండు భర్త, రెండు పార్సిళ్ళ నడుమ పది నిమిషములు దొంగిలించి ఇంటికి వచ్చియుండెను. ఆకుపచ్చ గోడ పనికిరాదు గనుక, ఉన్న ఒక్క తెల్ల తువ్వాలును భుజముపై పరచుకొని, పాపను ఒడిలో నిలిపి, కొండవలె కూర్చుండెను. తల్లి ఫోనెత్తెను. ఒంటికన్ను మూసెను. శ్వాస బిగించెను. వ్రేలు మీటపై వ్రాలుచున్న ఆ మహత్తర క్షణమున పాప తుమ్మెను.

"శిశువు కన్నులు మూసి ఉన్నవి. మిగిలిన ప్రయత్నములు నాలుగు."

"తుమ్మితే కళ్ళు మూసుకోరా ఎవరైనా? వాళ్ళ నాయకుడు కళ్ళు తెరుచుకుని తుమ్ముతాడా?" అనెను అత్తగారు.

"అత్తయ్యా, జలుబు చేసిందేమో. నుదురు చూడండి, వెచ్చగా ఉందా?"

"నీ చెయ్యే చల్లగా ఉంది. తియ్యి ఫోటో."

రెండవమారు పాప కన్నులు విప్పెను, నోరు మూసెను, సర్వలక్షణ సంపన్నయై శిలాప్రతిమవలె చూచెను. విజయము కరతలామలకమే యని తలచునంతలో యంత్రము ఎర్రబారి ఇట్లు ఘోషించెను: "ఒకటి కంటె ఎక్కువ ముఖములు కనబడుచున్నవి." ఎవరా రెండవవాడు? తువ్వాలు జారిన చోట, భర్త టీషర్టు నుండి, నల్లకళ్ళద్దములు ధరించి, కనుబొమ నెగురవేసి చూచుచుండెను వెండితెర వేలుపు! ఆయన చుట్టును ఆకుపచ్చని వలయము, పాప చుట్టును ఎర్రని వలయము.

"చూశావా, మా అన్న మొహం ఎంత బాగా పట్టిందో!" అని భర్త పరవశించెను.

"మీ అన్నకి సీటు కోసమా మనం అప్లై చేస్తోంది?"

"కోప్పడకే. విప్పేస్తాలే."

"విప్పండి. మిగిలినవి మూడే. ఏమండీ, టైమెంతైంది? మీ ఫోన్లోనూ అంతేనా? గోడగడియారం వెనకబడిందేమో చూడండి."

భర్త టీషర్టు విడిచెను గాని భక్తి విడువలేదు. పాప దృష్టి చెదరకుండుటకై ఆ వేలుపు నర్తించిన కొత్తపాటను తన ఫోనున మ్రోగించెను. ఆ డప్పులకు ఇరుగుపొరుగు కిటికీలు సైతము అదరెను. పాపయు అదరెను. చేతులూపెను, నడుమూపెను, ఉన్న రెండు దంతములను లోకమునకు చూపుచు కిలకిల నవ్వెను. ఎంతటి నవ్వు! గడిచిన ఎనిమిది నెలలలో అంతటి నవ్వు ఆ ఇంట మ్రోగలేదు. తల్లి తన్మయమై, ఆగవలెనను మాట మరచి, మీట నొక్కెను.

"శిశువు నోరు తెరచి ఉన్నది. శిశువు నవ్వుచున్నది. మిగిలిన ప్రయత్నములు రెండు."

మీ బిడ్డల నవ్వే నా బలమన్న యాప్ ఆ విధముగా ఆ నవ్వును చెత్తబుట్టలో వేసెను. నవ్వు మితిమీరి పాప త్రాగిన పాలన్నియు తువ్వాలుపై క్రక్కుటచే ఆ ధవళ పతాకము కూడ నేలకూలెను.

అంతట మొదలయ్యెను శ్వేతవస్త్రాన్వేషణము. అక్కటా! ఆ ఇంట తెల్లగా నున్న ప్రతి వస్తువుపైనను ఎవరో ఒకరి మొగమున్నది. బియ్యపు సంచిపై మహానాయకుడు, చేతిసంచిపై ఆయనను తిట్టు మరియొక నాయకుడు, దిండు గలేబుపై వెండితెర వేలుపు, క్యాలెండరు ముందు ఒకరు వెనుక ఇద్దరు. పేదయింట సొంత మనుషులు నలుగురే, ఉచితముగా వచ్చి చేరినవారు పదునొకండుగురు!

"మొన్న మీటింగు నుంచి తెచ్చి బండి మీద కప్పావే, ఆ బ్యానరు! దాని వెనకంతా తెల్లగానే ఉంటుంది కదరా," అని అత్తగారు వ్యూహము చెప్పెను. భర్త మూడంతస్తులు దిగి, బండిపై నుండి దానిని ఊడబెరికి, మూడంతస్తులు ఎక్కి, కిటికీ చువ్వలకు తిరగవేసి కట్టి, పార్సిలు వారి పిలుపు రెండుమార్లు తప్పించుకొన్నవాడగుటచే, "నోరు మూయించి తియ్యి, అంతే" అని ఉపదేశించి, విప్పిన వేలుపును మరల తొడుగుకొని నిష్క్రమించెను.

ధవళము, విశాలము, నిష్కళంకము! అత్తగారు చిక్కుడుకాయల పళ్ళెము ప్రక్కకు నెట్టి, పాపను దాని ముందు కూర్చుండబెట్టి, తాను వంగి క్రింద నుండి నడుము పట్టుకొనెను. తల్లి గురిచూచెను. కాని కిటికీ వెనుక నున్నవాడు సూర్యుడు! ఆయన మేఘము వీడి వెలిగినంతనే, తెల్లని ఆ వీపుగుండా, జోడించిన చేతులతో, పాప తలకు పైగా, మెల్లమెల్లగా మహానాయకుడు ఆవిర్భవించెను. తల్లి చూచునంతలో వ్రేలు మీట నొక్కివేసెను. ఆకుపచ్చ వలయము ఆయనకే చిక్కెను.

"వెనక్కి తిప్పినా ముందుకొచ్చేశాడే!" అని అత్తగారు నొసలు కొట్టుకొనెను.

మిగిలినది ఒక్కటే. గంట పదకొండు నలుబదియారు. ఫోను పదునాలుగు శాతము. అప్పుడు ఆ తల్లి వంటయింటి గడపపై నిలిచి, ఎడమచేత ఫోనును ముఖమునకెదురుగా ఎత్తి, అశ్రుపూరిత నయనయై ఇట్లు పలికెను:

"ఓరీ, అద్దపు ముఖము గల నిర్దయుడా! వీధిగోడల మీదివారిని గుర్తించితివి, టీషర్టు మీదివారిని గుర్తించితివి, వెనుకకు తిరగవేసినను వదలక గుర్తించితివి! తొమ్మిది నెలలు మోసి, ఎనిమిది నెలలు మేలుకొని నేను పెంచిన ఈ రెండు పళ్ళ ప్రాణి మాత్రము నీ కంటికి ఆనలేదా? నా బిడ్డ ముఖమున నీకు దొరకిన తప్పులు నాకు నేటివరకు ఒక్కటియు దొరకలేదే! నీవు చూడకున్నచో నేను మరల ఎక్కడికి పోవుదును? చెల్లెలి ఉయ్యాల ప్రక్కన నేను మూసిన లెక్కల పుస్తకము నేటికిని మూసియే ఉన్నదిరా!"

"ఫోనుతో పోట్లాడింది చాలు గానీ పిల్లనెత్తుకో. నా మోకాళ్ళు పట్టేశాయి," అనెను అత్తగారు. ఆ పిమ్మట, తగ్గిన గొంతుతో, "ఒసేయ్, నువ్వు కుట్టిన చొక్కా తెల్లదే కదే" అనెను.

తల్లి చూపు బీరువా వైపు మరలెను. ఆ చొక్కా! మూడుమార్లు విప్పి నాలుగవమారు కుదిరిన కాలరు గల చొక్కా, బీరువా పై అరలో కాగితము చుట్టి, పాప కంటబడకుండ దాచిన చొక్కా, సోమవారము ఫ్యాక్టరీ మేస్త్రీ ముందు పరచవలసిన చొక్కా! దానిపై ఎవరి మొగమును లేదు. ఆ ఇంట ఎవరి మొగమును లేని తెలుపు అదియొక్కటే.

"మాసిపోతే ఎలా అత్తయ్యా?"

"సీటు లేకపోతే చొక్కా ఎవరికి చూపిస్తావే?"

ఆ మాటతో బీరువా తెరచుకొనెను. చొక్కా నేలపై వీపు పైకి వచ్చునట్లు పరచుకొనెను. పాప దానిపై వెల్లకిల పరుండెను. తల్లి ఆమెకు ఇరువైపుల కాళ్ళు మోపి, ఆకాశమువలె వంగి నిలిచెను.

పాప మొదట నవ్వెను. పిదప బొటనవ్రేలు చప్పరించెను. పిదప తాతా, బాబా అని వేదఘోష చేసెను. పదకొండు ఏబదినాలుగు. అత్తగారు చిటికెలు వేసెను, పాప ఆవైపు తిరిగెను. పదకొండు ఏబదియారు. ఫోను ఏడు శాతము. తల్లి నడుము విరుగుచుండెను.

అంతలో పాప ఉన్నట్లుండి నిలిచిపోయెను. కాళ్ళు కదలుట మానెను. పెదవులు కలిసెను. కన్నులు విశాలములై, ఎచటికో, లోకాతీతమైన ఏదో ఆలోచనలోనికి చూచెను. ఆ చూపు మహామునులకు తపఃఫలముగా లభించునేమో గాని, ఆ తల్లి దానిని రోజుకు పదిమార్లు చూచినది. మరి రెండు క్షణములలో ఏమి జరుగునో లోకమున ఏ యాప్‌కును తెలియదు, ఆమెకు తెలియును. ఎత్తినచో చొక్కా దక్కును. నొక్కినచో సీటు దక్కును.

నొక్కెను!

వెచ్చని ధార చొక్కా వీపున సరస్సై విస్తరించెను. అదే క్షణమున తెరపై వలయము ఎరుపు విడిచి, పసుపు దాటి, పాప ముఖము చుట్టును తొలిసారి ఆకుపచ్చగా వెలిగెను.

"ఫోటో స్వీకరింపబడినది. సీటు కేటాయింపబడినది."

"అత్తయ్యా! వచ్చింది! చదవండి, మీరూ చదవండి, నేను సరిగ్గానే చదివానా?"

"కళ్ళద్దాలు లేవే. ఆకుపచ్చగా ఉందిగా, వచ్చినట్టే. అయ్యో, చొక్కా!"

"ఉతికితే పోతుంది అత్తయ్యా. కాలరు తడవలేదు."

అప్పుడు అభినందనలు తెలుపుటకై మహానాయకుడు తెరనిండ ప్రత్యక్షమయ్యెను. ఆయన నోరు తెరచి ఉండెను. నవ్వుచుండెను. నవ్వునకు కన్నులు మూతపడి ఉండెను. వెనుక పండ్రెండుమంది నిలిచి ఉండిరి.

అత్తగారు ఫోనును దూరముగా పెట్టి, దగ్గరగా పెట్టి చూచెను. "ఈయన ఫోటో ఎవరొప్పుకున్నారే?" అనెను. చార్జి అయిపోయి ఫోను ఆరిపోయెను.

ఇట్లు ముగిసెను, ఏబదియైదు నిమిషములు సాగి, ఒక తువ్వాలును, ఒక బ్యానరును, ఒక చొక్కా వీపును బలిగొన్న ఆ సంగ్రామము. దీనిని శ్రద్ధతో చదివినవారి ఫోటోలు మొదటిమారే స్వీకరింపబడునని చెప్పుట అబద్ధమగును. అయిదవమారునకైనను స్వీకరింపబడుగాక! దిక్కులారా, చాటుడు: ఎనిమిది నెలల పాప ఒకతె, రెండు క్షణముల పాటు, నోరు మూసుకొనెను! తల్లి చొక్కా పిండి, దులిపి, చంటిబట్టల నడుమ తీగపై ఆరవేసెను. పాప దానిని చూచి, ఉన్న రెండు పళ్ళును బయటపెట్టి, ఎవరి అనుమతియు లేకుండ నవ్వెను.