యాభై నాలుగో పేజీపై అభిప్రాయాలు

ఒక పుస్తకం పుట్టిందని లోకం నమ్మాలంటే మూడు కార్యాలు జరగాలి: ఆవిష్కరణ, సమీక్ష, సన్మానం. నాలుగోది అక్కర్లేదని వరంగల్ గ్రంథ పరామర్శక మండలి 1974లో ఏకగ్రీవంగా తీర్మానించింది. (నాలుగోది చదవడం. దాన్ని మండలి నిషేధించలేదు. ఎవరి వీలును బట్టి వారు చేసుకోవచ్చునని ఉదారంగా వదిలేసింది.)

మండలి అధ్యక్షులు రామలింగం గారు. ముప్ఫై ఏళ్లు సర్కారు కచేరీలో రికార్డు సెక్షన్ చూసి రిటైరైన మనిషి. ఒక్కో విమర్శకుడు ఒక్కో రకంగా అభిప్రాయపడుతూ సాహిత్యాన్ని గందరగోళం చేస్తున్నాడని బాధపడి, ఆయన పద్నాలుగు కాలమ్‌ల సమీక్షా ఫారం తయారు చేశారు. పుస్తకం పేరు, పుటలు, అట్ట రంగు, అచ్చుతప్పులు (మూడుకు తగ్గరాదు), గుణాలు రెండు, దోషం ఒకటి. దోషం లేకపోతే లేదని రాస్తే చెల్లదు, ఒకటి చూపించాల్సిందే. ఫారం వచ్చాక జిల్లాలో విమర్శ ఎంతో క్రమశిక్షణతో సాగింది.

1981లో ఈ ఏర్పాటు చేతికి నిర్లేపానంద స్వామి తన పుస్తకాన్ని అప్పగించాడు. స్వామిది కాశిబుగ్గ మగ్గాల సందులో చిన్న ఆశ్రమం. పూర్వాశ్రమంలో ఆయన సారంగపాణి, మగ్గం నేసిన మనిషే. కాషాయం కట్టినాయన కథోలిక సిస్టర్ జీవిత చరిత్ర రాయడమేమిటని ఊరు ముక్కున వేలేసుకుంది. కానీ సిస్టర్ బెనీటాను ఎరగని ఇల్లు ఆ సందులో లేదు. మిషన్ దవాఖాన నుంచి రేకు పెట్టె పట్టుకుని ఇరవై ఏళ్లు నడిచి వచ్చి, నేతగాళ్ల దగ్గుకు మందిచ్చిన మనిషి ఆమె. రక్తం కక్కుకుంటున్న సారంగపాణిని బతికించింది కూడా ఆమే.

పుస్తకం నూట ఇరవై పేజీలు. స్వామి దాన్ని రాసింది మాత్రం యాభై నాలుగో పేజీలోని పదకొండు పంక్తుల కోసం. 1976 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, జ్వరంతో ఉన్న సిస్టర్ ఆశ్రమం గడపలో నిలబడి మంచినీళ్లు అడిగింది. లోపల దాతలు భోజనాలకు కూర్చున్నారు. పంక్తి మైలపడుతుందని వాళ్లు లేచిపోతారేమోనన్న భయంతో స్వామి తలుపు దగ్గరకు వేసి, ఇప్పుడు వీలుపడదన్నాడు. ఎదురింటి మల్లక్క పిలిచి ఆమెకు నీళ్లిచ్చింది. తొమ్మిదో రోజున సిస్టర్ చనిపోయింది. ఇదంతా స్వామి దాచకుండా రాశాడు.

ఎవరో ఒకరు చదివి, ఎందుకట్లా చేశావని అడగాలి. ఆయనకు కావలసింది అంతే. అడిగితే నలుగురిలో జవాబు చెప్పుకోవాలి, కాషాయం తీసెయ్యమంటే తీసెయ్యాలి. అందుకు సిద్ధపడి మూలన పడ్డ మగ్గాన్ని దులిపించి కూడా పెట్టుకున్నాడు.

మట్టెవాడలో ఆవిష్కరణ ఘనంగా జరిగింది. మొదటి వక్త బట్టల వ్యాపారి వెంకటేశ్వర్లు గారు. ఆ రోజు పంక్తిలో మూడో విస్తరి ముందు కూర్చున్నది ఈయనే. ఆశ్రమం తలుపులు సిస్టర్ గారికి ఏనాడూ మూసింది లేదని, దానికి తానే సాక్షినని ఆయన గద్గద స్వరంతో చెప్పారు. స్వామి తల వంచుకున్నాడు. దాన్ని వినయం కింద లెక్కవేసి సభ చప్పట్లు కొట్టింది.

తర్వాత సమీక్షలు వరుసగా వచ్చాయి. ప్రపంచ నూలు మార్కెట్టును విశ్లేషించకపోవడం దోషమని అభ్యుదయ లెక్చరర్ ఒకరు రాశారు. మంగళాచరణ పద్యం లేకపోవడం దోషమని ఒక శాస్త్రి గారు రాశారు. పుస్తకం చేతిలో తేలికగా ఇముడుతుందని ఒక వారపత్రిక మెచ్చుకుంది. మిషన్ నుంచి ఫాదర్ గారు కృతజ్ఞతలతో ఉత్తరం పంపారు. పుస్తకాన్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశామని, భక్తులు ఎప్పుడైనా బయటినుంచి చూడవచ్చునని అందులో ఉంది.

యాభై నాలుగో పేజీ ఊసు ఎవరూ ఎత్తలేదు. స్వామికి నిద్ర పట్టక, సమీక్షకుల ఇళ్లకు వెళ్లి తన పుస్తకాన్ని తానే తిరగేసి చూశాడు. ప్రెస్సులో కటింగ్ మిషను చెడిపోయి, మడతపెట్టిన అచ్చు కాగితాలను అంచులు కోయకుండానే కుట్టేశారు. చాకుతో కోసుకుంటే తప్ప లోపలి పేజీలు సగం కనిపించవు. ఏ ఇంట్లోనూ చాకు ఆ మడతల జోలికి పోలేదు. ఆయన ఈ సంగతి రామలింగం గారి ముందు పెట్టాడు.

"కోస్తే పుస్తకం పాతదైతది స్వామీజీ. పాత పుస్తకాలు ఇనాం కమిటీ తీస్కోదు. మీరేం ఫికర్ చేయకుండ్రి" అన్నారు రామలింగం గారు.

స్వామి పట్టు విడవలేదు. యాభై నాలుగో పేజీని ప్రత్యేకంగా సమీక్షించాలని దరఖాస్తు పెట్టుకున్నాడు. మండలి ముగ్గురితో ఉపసంఘం వేసింది. ఉపసంఘం రెండుసార్లు సమావేశమై, ఒకసారి వాయిదా పడి, అయిదు నెలలకు నివేదిక ఇచ్చింది. సదరు పేజీ యాభై మూడుకూ యాభై అయిదుకూ మధ్య సక్రమంగానే ఉన్నదని, ఫిర్యాదుకు ఆధారం లేదని అందులో తేలింది.

ఈలోగా సన్మానాలు మొదలయ్యాయి. మరిపెడలో ఆయనను సిస్టర్ చివరి రోజుల్లో గొంతు తడిపిన పుణ్యమూర్తి అన్నారు. స్వామి దిగ్గున లేచి, అది నిజం కాదని చెప్పబోయాడు. గొప్పవాళ్లు అట్లాగే అంటారని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. తర్వాతి ఊళ్లో ఆయన లేవబోయి ఆగిపోయాడు. ఆ తర్వాతి ఊళ్లో కూర్చున్నచోటే రెండు చేతులూ జోడించాడు. నిజం చెప్పుకోవాలంటే, ఆ చప్పట్లు ఆయనకు హాయిగా ఉన్నాయి. ఏడేళ్లుగా గుండెల మీద కూర్చున్న బరువు, శాలువా పడ్డప్పుడల్లా కాస్త పక్కకు జరుగుతోంది. ఏడాదిన్నరలో పదిహేడు శాలువాలు పోగయ్యాయి. మగ్గం మీద ఆరేయడానికి చోటు సరిపోయింది.

చివరికి సొంత పేటలో, కాశిబుగ్గలోనే సన్మానం పెట్టారు. స్వామి వేదిక ఎక్కబోతుంటే మల్లక్క అడ్డం వచ్చింది.

"స్వామీ, పుస్తకంల ఆ దినం ముచ్చట రాసినవా?"

"రాసిన మల్లక్కా."

"మల్ల వీళ్లంత దండలెందుకేస్తాండ్రు?"

స్వామి వేదిక వైపు చూశాడు. ఆమె ఇంకా దగ్గరికొచ్చి, సందులో పిలిచినట్టే పాత పేరు పెట్టి పిలిచింది. "నాకు సదువు రాదు. నువ్వు రాసింది నాకెర్క లేదు. సారంగపాణీ, సిస్టరమ్మ దూపతోని అడిగితె నీళ్లెందుకియ్యకపోతివి?"

ఆయన పుస్తకం రాసిందే ఈ ప్రశ్న కోసం. జవాబు నోటి దాకా వచ్చింది. అంతలో మైకులో ఆయన పేరు పిలిచారు, ముందు వరుస లేచి నిలబడింది. పద్దెనిమిదో శాలువా మడత విప్పి వెంకటేశ్వర్లు గారు చేతులు చాచారు.

"సభ అయినంక చెప్త, జర కూసో మల్లక్కా" అన్నాడు స్వామి.

మల్లక్క కూర్చుంది. నాలుగు గంటల సేపు ప్రసంగాలన్నీ విన్నది. సభ ముగిశాక కుర్చీలు మడిచేవాళ్లు లేపేదాకా కూర్చునే ఉంది. స్వామి వేదిక వెనక మెట్లు దిగి, వెంకటేశ్వర్లు గారి కారులో వెళ్లిపోయాడు.

మర్నాడు రామలింగం గారు రెండో ముద్రణకు ఫారం పంపించారు. స్వామి దాన్ని స్వదస్తూరీతో, ఎక్కడా కొట్టివేత లేకుండా నింపాడు. పదకొండో కాలమ్, తొలగింపులు: యాభై నాలుగో పేజీ. పన్నెండో కాలమ్, కారణం: ఈ విషయం గురించి నేటి వరకు ఎవరూ ఏమీ అడగలేదు.