తొమ్మిది-బి కోర్టు

దేశంలో న్యాయం ఆలస్యమవుతోందన్న సంగతి చెవిన పడిన రోజునే విద్యామంత్రిగారు దానికి విరుగుడు కనిపెట్టారు. తొమ్మిదో తరగతిలోనే న్యాయం మొదలుపెట్టేస్తే పిల్లలు పెద్దయ్యేసరికి తీర్పులు చేతికొస్తాయని టౌన్‌హాలు సభలో ప్రకటించారు. పాఠ్యపుస్తకంలో ఉన్న నవల మీద తరగతిలో మాక్ ట్రయల్ జరపాలి, దాన్ని సినిమా తీయాలి, ఆ సినిమా అన్ని బడుల్లోనూ చూపించాలి. ఎంతైనా ముందుచూపున్న మనిషి. ఇదివరకు రోడ్ల మంత్రిగా ఉన్నప్పుడు కూడా చాలా దూరం చూసేవారని, దగ్గరివి కాంట్రాక్టర్లకు వదిలేసేవారని చెప్పుకుంటారు.

షూటింగుకు తగిన బడి కోసం శాఖవారు నెల రోజులు గాలించి మార్కెట్ వీధి బడిని పట్టుకున్నారు. అక్కడ కిటికీలకు రెక్కలున్నాయి, పైకప్పుకు చిల్లుల్లేవు. ఆ రెండు సుగుణాల పుణ్యాన తొమ్మిది-బిలో సాహిత్యం చెప్పే మాస్టారి ఊసు మొదటిసారి పై ఆఫీసులో వినబడింది.

మాస్టారి భార్య నది అవతలి ఊళ్లో నర్సు. ఆ ఊరికి బదిలీ చేయమని ఆయన పెట్టుకున్న అర్జీ ఆరేళ్లుగా మంత్రిగారి బల్ల మీద ఉంది. ప్రతి శనివారం సాయంత్రం బస్సెక్కి పెద్ద వంతెన దాటి ఇంటికి వెళ్తారు, ఆదివారం చీకటి పడేసరికి మళ్లీ వంతెన దాటి అద్దెగదికి వచ్చి పడతారు. నాలుగేళ్ల కూతురు ఆయన్ని శనివారం నాన్న అని పిలుస్తుంది. అది విని అందరూ నవ్వుతారు, ఆయనా నవ్వుతారు గానీ తిరుగు బస్సులో ఆ మాటే గుర్తొచ్చి కళ్లు తుడుచుకుంటారు.

ఎంపిక కబురు తెచ్చిన డిప్యూటీ విద్యాధికారి ఆయన్ని వరండాలోకి పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు. "సినిమా బాగా వస్తే మంత్రిగారు చూస్తారు. సినిమా చూసినాయన ఫైలు చూడకపోతారా?" అన్నాడు. ఆ రాత్రి మాస్టారు భార్యకు ఫోన్ చేసి, పై నెల నుంచి కూతుర్ని తనే బడికి తీసుకెళ్తానని చెప్పేశారు.

ఆ నవల కథ చిన్నదే. ఒక ఏటి మీద వంతెన కడతారు. అక్కడి పడవవాడు దాన్ని చూసి, ఇది నిలవదని నలుగురిలో అంటాడు. వంతెన కూలుతుంది. కూలుతుందని నీకు ముందే ఎలా తెలుసురా అని పడవవాణ్ణే పట్టుకెళ్లి బోనెక్కిస్తారు. రాసినాయన తీర్పు చెప్పకుండానే పుస్తకం ముగించాడు. మాస్టారికి ఆ చివరి పేజీ అంటే ప్రాణం. తీర్పు మీరే చెప్పండని ఏటా పిల్లలకు వదిలేసేవారు, పిల్లలు ఏటా రెండు జట్లయి కొట్టుకునేవారు.

ఈసారి వ్యవహారం అంత ఇష్టారాజ్యంగా లేదు. శాఖ నుంచి నలభై పేజీల మార్గదర్శకాలు వచ్చాయి. నిజం కోర్టులో జరిగే ప్రతి అంచె తరగతిలోనూ జరిగి తీరాలని వాటి సారాంశం. వాటిని మొదటి నుంచి చివరిదాకా చదివిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది. మొదటి బెంచీలో కూర్చునే పొట్టి పిల్ల. ఎవరు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చారో సొంత నోటుబుక్కులో రాసుకుంటుంది కాబట్టి క్లాసంతా ఆమెను రిజిస్టరు అని పిలుస్తారు. కోర్టు గుమాస్తా పని ఆమెకిచ్చారు. ఎప్పుడూ నవ్వని కళ్లజోడు కుర్రాణ్ణి జడ్జి చేశారు.

రిహార్సల్లో పడవవాడి వకీలు వేషం కట్టిన పిల్లవాడు, వంతెన ప్రారంభించిన మంత్రిని సాక్షిగా పిలవాలన్నాడు. నవల్లో అలాంటి మంత్రి ఒక పేరాలో వచ్చి, రిబ్బను కత్తిరించి వెళ్లిపోతాడు. కళ్లజోడు ఆలోచించి సరే అన్నాడు. రిజిస్టరు ఆ సాయంత్రమే సమను రాసింది: మీరు ప్రారంభించిన వంతెన కూలిన విషయమై సాక్ష్యం చెప్పుటకు ఫలానా తేదీన ఉదయం పదిన్నరకు కోర్టు హాలు 9-బి, మార్కెట్ వీధికి రావలెను. నవల్లో మంత్రికి పేరు లేదు, వంతెనకూ పేరు లేదు, కాబట్టి ఆమె కూడా పెట్టలేదు. మాస్టారు ఆ సమయంలో అవతలి ఊళ్లో కూతురి బడికి దగ్గరగా ఇల్లెక్కడ దొరుకుతుందా అని ఆలోచిస్తున్నారు. ఆమె వేలు పెట్టిన చోటల్లా సంతకం చేశారు. అరిగిపోయిన బడి సీలు కొడితే గుండ్రని గీత ఒక్కటే పడింది. సమను రిజిస్టర్డ్ పోస్టులోనే పంపాలని మార్గదర్శకాల్లో ఉంది. అడ్రసు మాత్రం లేదు. ఆమెకు తెలిసినంతలో మంత్రులుండే చోటు ఒకటే గనక గౌరవనీయులైన మంత్రిగారు, సచివాలయం అని రాసి పోస్టు చేసేసింది.

షూటింగు రోజు రానే వచ్చింది. దర్శకుడు అప్పటికి మంత్రిగారి శంకుస్థాపనల మీద పద్దెనిమిది డాక్యుమెంటరీలు తీసిన అనుభవజ్ఞుడు. ప్రతి ప్రశ్న తర్వాత పిల్లలు చప్పట్లు కొట్టాలన్నాడు, పడవవాడు ఏడవాలన్నాడు. తర్వాత, ముందుగా తీర్పు తీసేద్దామన్నాడు.

కళ్లజోడు లేచి నిలబడ్డాడు. "వాదనలు వినకుండానే తీర్పా సార్?"

"వెలుతురు ఇప్పుడే బాగుంది బాబూ. సినిమాల్లో చివరిది ముందు తీస్తాం," అన్నాడు దర్శకుడు.

ఏ తీర్పు అన్న సందేహాన్ని డిప్యూటీ తీర్చాడు. ప్రభుత్వం కట్టిన వంతెనది తప్పంటే పిల్లలకు ప్రభుత్వం మీద గౌరవం పోతుంది, కాబట్టి పడవవాడే దోషి. క్లాసంతా మాస్టారి వైపు చూసింది. మాస్టారు నీళ్లు నమిలి, టైము తక్కువగా ఉందమ్మా, సార్లు చెప్పినట్టు కానివ్వండి అన్నారు. ఇరవై ఏళ్ల సర్వీసులో పిల్లల ముందు అంత సిగ్గుపడింది ఆయనకు గుర్తులేదు. కళ్లజోడు తీర్పు చదివాడు. పడవవాడికి ఏడుపు రాకపోతే కంట్లో మందు వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు.

తీర్పు అయ్యాక విచారణ మొదలైంది. సరిగ్గా పదిన్నరకు నల్లకోటు వేసుకున్న పెద్దాయన ఒకరు ఫైలుతో లోపలికి వచ్చి జడ్జికి వంగి నమస్కారం పెట్టారు. ముప్పై ఏళ్లుగా వాయిదాలు అడిగి అడిగి ఆయన జడ్జి ముఖం చూడడం మానేసి చాలాకాలమైంది. కెమెరాలు చూసి మాత్రం ఇది పెద్ద కేసేనని నిర్ధారించుకున్నారు.

"మంత్రిగారి తరఫున వచ్చాను, యువరానర్. వారికి ఛాతీలో నొప్పి. ఆరు వారాల వాయిదా కోరుతున్నాం. డాక్టరు సర్టిఫికెట్టు జతచేశాం," అన్నారు.

డిప్యూటీ ఇది మాస్టారి ఏర్పాటనుకున్నాడు. మాస్టారు దర్శకుడి ఏర్పాటనుకున్నారు. దర్శకుడు కెమెరా దగ్గరికి జరిపించాడు.

రిజిస్టరు పిటిషన్ అందుకుని తలెత్తింది. "ఏ వంతెన గురించండీ?"

"మూడింటికీ కలిపి ఒకటే వేశాం."

"మేము ఒకదాని గురించే అడిగాం," అన్నాడు కళ్లజోడు.

వకీలుగారు జేబురుమాలు తీసి నుదురు తుడుచుకున్నారు. "అదేదో సెలవిస్తే మిగతా రెండూ వెనక్కి తీసుకుంటాం, యువరానర్."

రూలు ప్రకారం రిజిస్టరు పిటిషన్‌ను పైకి చదివింది. మొదటి వంతెన కూలిందనడం అబద్ధం, ఒక పక్కకు ఒరిగింది అంతే. రెండో దాని పగుళ్లు ఎండాకాలంలో తప్ప కనిపించవు. మూడోదైన పెద్ద వంతెన నేటివరకు కూలలేదు, ఇకపై కూలితే దానికి మంత్రిగారు బాధ్యులు కారు. అది మాస్టారు వారానికి రెండుసార్లు దాటే వంతెన. కళ్లజోడు ఆరు వారాలు వాయిదా వేశాడు. వకీలుగారు మళ్లీ నమస్కారం పెట్టి వెళ్లిపోయారు.

అంత సహజంగా నటించే మనిషిని ఎక్కణ్ణుంచి తెచ్చారని దర్శకుడు అడుగుతున్నాడు. డిప్యూటీకి అప్పటికే సంగతి అర్థమైంది: వంతెన మాట చూసి సచివాలయం పిల్లల సమనును పాత రోడ్ల మంత్రిగారికే చేర్చింది, వారు అది నిజం కోర్టుదే అనుకున్నారు. కెమెరాలో ఉన్న విచారణ రీలు, రిజిస్టరు చేతిలో పిటిషన్ లాక్కుని జీపెక్కాడు. వెళ్తూ వెళ్తూ మాస్టారి వైపు చూసిన చూపులో బదిలీ ఫైలు కనబడలేదు.

ముందే తీసిన తీర్పు ఒక్కటే మిగిలి సినిమా మూడు నిమిషాలు వచ్చింది. పడవవాడు ఏడ్చాడు, దోషి అని తేలింది, చప్పట్లు మోగాయి. ఇంత త్వరగా తీర్పు చెప్పిన కోర్టు ఎక్కడా లేదని మంత్రిగారు పత్రికలవాళ్లతో సంతోషం పంచుకున్నారు. నెల తిరక్కుండా ఒక సోమవారం తెల్లవారుజామున పెద్ద వంతెన నదిలోకి దిగిపోయింది. అప్పుడు దాని మీద ఎవరూ లేరు. మాస్టారి బస్సు ముందురోజు సాయంత్రమే దాటింది. భార్య ఫోన్ చేసి ఆయన గొంతు విన్నాకే డ్యూటీకి వెళ్లింది.

నాలుగోరోజు క్లాసులో ఉండగా ఒకే కవరులో రెండు కాగితాలొచ్చాయి. మొదటిది బదిలీ ఉత్తర్వు. నది అవతలి ఊరు, అడిగిన బడి, మంత్రిగారి సంతకం. మాస్టారు దాన్ని రెండుసార్లు చదువుకున్నారు, ముఖమంతా నవ్వయింది. రెండోది మెమో. వంతెన కూలడానికి నలభై రోజుల ముందే, కూలిన వంతెన అని పేర్కొంటూ మీరు సంతకం చేసి రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపియున్నారు. కూలునని మీకు ముందుగా ఎట్లు తెలిసినది? మూడు రోజులలో సంజాయిషీ ఇవ్వవలెను. అది తృప్తికరముగా ఉన్న పిమ్మటే బదిలీ అమలగును.

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. ఆ ప్రశ్న ఆయనకు కంఠతా వచ్చు. ఏటా క్లాసులో పైకి చదివి వినిపించేదే.

సంజాయిషీ రాద్దామని కాగితం ముందు పెట్టుకున్నారు గానీ ఒక్క ముక్క పడలేదు. పిల్లలందరూ పుస్తకాలు మూసి ఆయన్నే చూస్తున్నారు. రిజిస్టరు లేచి వచ్చి మెమో చివరిదాకా చదివింది. వెనక్కి వెళ్లి సంచీలోంచి ఒక కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. మార్గదర్శకాల్లో ప్రతిదానికీ మూడు కాపీలు తీసుకోవాలని ఉండడంతో ఆ రోజు వకీలుగారి దగ్గర మూడూ తీసుకుంది. డిప్యూటీగారు పట్టుకెళ్లింది ఒకటే.

"సంజాయిషీ రాయకండి సార్, వాయిదా అడగండి. ఇదుగో, నమూనా ఉంది. పేరు మార్చి రాసుకుంటే సరిపోతుంది," అంది. తర్వాత వేలితో ఒక చోటు చూపించింది. "ఇక్కడ మూడు వంతెనలని ఉంది కదా, ఒకటని దిద్దుకోండి."