మైకులో రక్తప్రవాహం

అరవై దాటిన అమరచింత వాసులందరి రక్తనాళాలను ఒక్క పూటలో ఉచితంగా పరీక్షింపజేయాలని వృద్ధజన సేవా సమితి 2006 ఫిబ్రవరిలో ఏకగ్రీవంగా తీర్మానించింది. సమితిలో ఉన్నది ఐదుగురు. ఇద్దరు మీటింగుకు రాలేదు, ఒకాయన వచ్చి నిద్రపోయాడు. మిగిలిన ఇద్దరిలో అధ్యక్షుడు కురుమూర్తి సారు. ముప్పై ఆరేళ్లు లెక్కలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరై, తనకు తెలియని విషయం ఈ భూమ్మీద పెద్దగా మిగల్లేదని నమ్మిన మనిషి. ఈ కథను తరువాత అందరికీ చెప్పుకుని నవ్వింది ఆయనే గనుక మనకూ మొహమాటం అక్కర్లేదు.

హైదరాబాదు నుంచి డాక్టర్ నవనీత స్కానింగ్ మిషను తెస్తుందని ఖాయమైంది. వయసు మీద పడితే రక్తం పోయే నాళాలు సన్నబడతాయట. మెడలో మూసుకుపోతే పక్షవాతం, కాలిలో మూసుకుపోతే చివరికి కాలే పోతుందట. ఇబ్బంది ఉన్నవాళ్లను ముందు చూడాలి కాబట్టి ఆమె ముందే ఫారాలు పంపింది. అందులో అసలు ప్రశ్న ఒక్కటే: నడుస్తుంటే కాలు పట్టేసి ఆగవలసి వస్తుందా?

సారు నాలుగు రోజులు కూర్చుని రెండు వందల ఫారాలు ముత్యాల్లాంటి అక్షరాలతో నింపాడు. మగవాళ్ల సంగతి మగవాళ్లను అడిగాడు. ఆడవాళ్ల సంగతి కూడా మగవాళ్లనే అడిగాడు. పెద్దమనిషి అయివుండి, ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లను నీ నడకెట్లా ఉందని అడుగుతాడా!

"మా దేవమ్మకేంది సార్, గుర్రం లెక్క ఉంటది" అన్నాడు హోటలు యాదయ్య, తన భార్య గురించి. సారు "లేదు" అని రాశాడు. ఆ విధంగా ఎనభై తొమ్మిది మంది ఆడవాళ్లకూ "లేదు" పడింది. తన భార్య లక్ష్మీదేవమ్మ ఫారం వచ్చేసరికి ఎవర్నీ అడిగే శ్రమ కూడా లేకపోయింది. మహిళలు నూటికి నూరు శాతం ఆరోగ్యవంతులైన ఇటువంటి గ్రామం జిల్లాలో మరొకటి ఉండదని ఎర్ర ఇంకుతో ఒక వ్యాఖ్య కూడా జోడించాడు.

శిబిరం రోజు బడి గదిలో మిషనుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, దండ వేశారు. కొబ్బరికాయ దాని మూల మీదే కొట్టబోతుంటే డాక్టరమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టి కాపాడుకుంది. కడుపులో పెద్ద నాళం కూడా చూడాలి, పరగడుపున రండి అని చెప్పినందుకు ముసలివాళ్లంతా తెల్లవారే వచ్చి కూర్చున్నారు. ఉపన్యాసాలు పన్నెండున్నరకు ముగిశాయి. "రక్తమనేది పట్నాల్లోనే కాదు, మన అమరచింతలోనూ ప్రవహిస్తున్నదని ఈనాడు నిరూపించబోతున్నాం!" అని సారు గర్జించాడు. చప్పట్లు కొట్టే ఓపిక ఉన్నవాళ్లు కొట్టారు.

పెన్నులాంటి పరికరం ఒకటి ఉంది. కాలి మీద పెడితే లోపల రక్తం పారే చప్పుడు బయటికి వినిపిస్తుంది. ఈ భాగ్యం గదిలో ఉన్నవారికే దక్కడం అన్యాయమని సమితి భావించి దాని ముందు మైకు పెట్టించింది. గౌరవాధ్యక్షుడు దేవదాసు రక్తం రెండు హారన్లలో ఊరంతా మోగింది. సారు రక్తం అంతకంటే గట్టిగా మోగేసరికి దేవదాసు చిన్నబుచ్చుకుని మళ్లీ పెట్టించుకున్నాడు. రెండున్నరకు పద్దెనిమిది మంది పెద్దమనుషులు పూర్తయ్యారు. ఎవరికీ ఏ జబ్బూ లేదు.

అప్పుడు డాక్టరమ్మకు అన్నం క్యారియరు తీసుకుని లక్ష్మీదేవమ్మ వచ్చింది. గేటు దగ్గర్నుంచి గది దాకా యాభై అడుగులుండదు. బోరింగు దగ్గర ఒకసారి ఆగి పిక్క రుద్దుకుంది, మెట్ల ముందు మళ్లీ ఆగింది. కిటికీలోంచి డాక్టరమ్మ చూసింది.

"రెండుసార్లు నిలబడ్డవేందమ్మా?"

"ఏం లేదు బిడ్డా. రెండేండ్ల సంది ఈ ఎడమ పిక్క పట్టుకుంటది. జర నిలబడితే పోతది."

"సారుకు చెప్పలేదా?"

"నడిచేటప్పుడే నొస్తది గద. అప్పుడు ఆయన ముందర ఉంటడు."

ఆమెను బల్ల మీద పడుకోబెట్టి, పెన్ను ఎడమ పాదం మీద పెట్టారు. హారన్లు మూగబోయాయి. సారుకు కోపం వచ్చింది. మైకు లాక్కుని వేలితో తట్టి "హలో, హలో, వన్, టూ, త్రీ" అన్నాడు. ఊరంతా వినిపించింది.

"మైకు మంచిగనే ఉంది సార్" అంది డాక్టరమ్మ. "కాల్లనే చప్పుడు లేదు."

స్కానింగ్‌లో చూస్తే తొడ దగ్గర నాళం దాదాపు మూసుకుపోయి ఉంది. ఈ వారంలోనే హైదరాబాదు దవాఖానకు రావాలని, ఆలస్యమైతే కాలు తీసేయవలసి వస్తుందని చెప్పింది. తరువాత కట్టలోంచి లక్ష్మీదేవమ్మ ఫారం వెతికి తీసి చాలాసేపు చూసింది.

"ఎవరు నింపిన్రు సార్? అక్షరాలు మంచిగున్నయి."

సారుకు తల కొట్టేసినట్టయింది. పెళ్లయి నలభై రెండేళ్లు. జాతరకైనా, చావుకైనా ఆయన పది అడుగులు ముందు, ఆమె వెనక. ముందు చేరిన ప్రతిసారీ తిరిగి "ఎంతసేపే నీ నడక!" అని కసిరాడు. కసిరినప్పుడు కూడా ఆమె ఎక్కడ ఆగిందో చూడలేదు. కళ్లు తుడుచుకుని, మిగిలిన ఎనభై ఎనిమిది ఫారాలూ చేతిలోకి తీసుకుని, గదిముందు ఆడవాళ్ల వరుసలో నేలమీద కూర్చుని మొదటి నుంచీ అడగడం మొదలుపెట్టాడు.

సోమవారం పొద్దున భార్యాభర్తలు బస్సుకు బయలుదేరారు. జన్మలో మొదటిసారి ఆమె ముందు, ఆయన వెనక. ఆమె ఆగితే ఆయనా ఆగుతున్నాడు. ఊరు నివ్వెరపోయింది.

"ఏంది సార్, ఎన్కబడ్డరు? కాళ్లు నొస్తున్నయా?" అని యాదయ్య హోటల్లోంచి పరుగెత్తుకొచ్చాడు. దేవదాసు చేతికర్ర పంపాడు. బస్టాండు చేరేలోగా ఏడుగురు పరామర్శించారు, ఏడుగురూ సారునే. నొప్పి ఆమెకయ్యా అని చెప్పబోయాడు. మరి నీకేం జబ్బని ఆడమనిషి వెనక నడుస్తున్నావంటే ఏం చెప్పాలి? 

"జర నొస్తున్నయి" అన్నాడు.

బస్సు కిటకిటలాడుతోంది. పాపం సారని ఎవరో లేచి సీటిచ్చారు. ఆయన అందులో లక్ష్మీదేవమ్మను కూర్చోబెట్టి, కర్ర పట్టుకుని పక్కన నిలబడ్డాడు. వెనక సీట్లో ఆ ఊరి భాగ్యమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"మొగడు నడవలేక సస్తుంటే, గీమె ఎంత మంచిగ కూసున్నదో చూడు!"

బస్సంతా అవునంది.