గడ్డిమోపు పథకం ఫలితాలు

ఒక పెద్ద అడవిలో వరసగా మూడేళ్ళు వానల్లేవు. కుందేళ్ళు బక్కచిక్కిపోయాయి. తన భోజనం కూడా బక్కచిక్కిందని గమనించిన మృగరాజు, రాచమడుగు గట్టున ఉన్న పచ్చిక కోయించి వాటికి రోజూ పంపమన్నాడు.

"గడ్డి తింటే ఆకలి తీరుతుందో లేదో ముందు తేల్చాలి కదా మహారాజా," అన్నాడు ఆచార్య బకేశ్వరం. ఈ కొంగ అడవి కళాశాలలో పేదరికం పాఠం చెబుతాడు. చేపలున్న చోట నిలబడి చెబుతాడు.

"ఎలా తేలుస్తావు?"

"తూర్పుగుట్ట కుందేళ్ళకి గడ్డి ఇద్దాం. పడమటిగుట్ట వాటికి వద్దు. ఆర్నెల్లయ్యాక రెంటినీ తూద్దాం."

పడమటిగుట్ట నుంచి సూరమ్మ అనే ముసలి కుందేలు వచ్చి మొర పెట్టుకుంది. "గడ్డి తింటే ఆకలి తీరుతుందని మా పసిదాన్నడిగినా చెబుతుందయ్యా. దానికోసం మమ్మల్ని మాడ్చాలా?"

"అది నీ అనుభవం. అనుభవం సాక్ష్యం కాదమ్మా," అని బకేశ్వరం శిష్యుల వైపు తిరిగాడు. "పేదవాళ్ళతో ఇదే చిక్కు. రాసుకోండి."

శిష్యులు రాసుకున్నారు.

తూర్పుగుట్టలో సూరమ్మ చెల్లెలు నాగులమ్మ ఉంది. అక్క పస్తుంటే దానికి ముద్ద దిగలేదు. తన మోపులో సగం అక్కకి మోసుకుపోయింది. దాన్ని చూసి గుట్టంతా అదే పని చేసింది.

ఆర్నెల్లకి తూశారు. రెండు గుట్టలూ అర్ధాకలితో సరిసమానంగా తూగాయి.

"గడ్డి ఇచ్చినవాళ్ళకీ ఇవ్వనివాళ్ళకీ గోరంత తేడా లేదు. గడ్డి వల్ల ప్రయోజనం శూన్యం," అని తేల్చాడు బకేశ్వరం.

"మా చెల్లెలు సగం పెట్టబట్టి బతికున్నానయ్యా," అంది సూరమ్మ.

"పంచుకోమని మేం చెప్పలేదే," అన్నాడతను చిరాగ్గా.

గడ్డి ఆగిపోయింది. బకేశ్వరానికి సభలో శాలువా కప్పారు. ఆ వారంలోనే అక్కాచెల్లెళ్ళు ముందు నడవగా రెండు గుట్టల కుందేళ్ళూ పక్క అడవికి వలసపోయాయి.

నాలుగు రోజులు పస్తులున్న మృగరాజు ఆచార్యుణ్ణి పిలిపించాడు.

"కుందేళ్ళేవీ?"

"శుభవార్త మహారాజా. అడవిలో ఇప్పుడు ఒక్క పేద కుందేలు కూడా లేదు. పేదరికం సున్నా."

"సరిగ్గా వినపడలేదు. కాస్త దగ్గరకొచ్చి చెప్పు."

మెప్పు దొరుకుతుందని బకేశ్వరం దగ్గరకెళ్ళాడు. మర్నాడు కళాశాలకి సెలవిచ్చారు.

నీతి: పేదల ఆకలిని ఎంత దగ్గర నుంచైనా కొలవొచ్చు, రాజుగారి ఆకలిని మాత్రం దూరం నుంచే కొలవాలి.