మరిగే నీళ్ల కోసం వెళ్లిన ఆడవాళ్లు

ఒనోహామా రేవుపేట సంఘభవనంలో ఆ ఆదివారం "పాశ్చాత్య సాహిత్యంలో తండ్రి పెత్తనం" అనే విషయం మీద మహోపన్యాసం జరిగింది. ఉపన్యాసకులు విశ్రాంత ఆచార్యులు మిజొగుచి మాస్టారు. అధ్యక్షులు పేటసంఘం పెద్ద ఇసాబురో గారు. విషయం ఆడవాళ్లకు సంబంధించినది కాబట్టి సభలో వాళ్లకూ సముచిత స్థానం కల్పించారు. టీ పోయడానికి.

ఇసాబురో గారి భార్య కినుయో పెద్ద కెటిల్ పట్టుకుని గోడ పక్కన నిలబడింది. ఆమె చెవి ఉపన్యాసం మీద లేదు, రేవు మీద ఉంది. సాయంత్రం ఓడలో షిగెనో వెళ్లిపోతోంది. షిగెనో ఆమెకు ప్రాణస్నేహితురాలు, మిజొగుచి మాస్టారికి ధర్మపత్ని. అవతలి దీవిలో షిగెనో అక్కగారికి నారింజ తోట ఉంది. అక్కడికే ప్రయాణం, తిరుగు టికెట్టు లేదు.

ఈ సంగతి పేటలో ఆడవాళ్లందరికీ తెలుసు. మాస్టారి దగ్గరా ఎవరూ దాచలేదు. పొద్దున్న ఆయన పేపరు చదువుతుండగా షిగెనో ఎదురుగా కూర్చుని, "నేను మా అక్క దగ్గరికి వెళ్లిపోతున్నానండీ, ఇక రాను" అని చెప్పింది. ఆయన "ఊఁ" అన్నారు. పేజీ తిప్పి, "సాయంత్రం స్నానానికి నీళ్లో?" అన్నారు. గోడకున్న యంత్రానికి చెప్పి వెళ్తాను, వేళకి అదే కాచి పిలుస్తుంది అంది షిగెనో. ఆయన మనసు కుదుటపడింది.

కినుయోకి వీడ్కోళ్లంటే భయం. అవి తను లేకుండానే జరిగిపోతాయని భయం. తల్లి కన్నుమూసిన పూట ఆమె భర్త ఆఫీసువాళ్లకి వడ్డిస్తోంది. చెల్లెలు పెళ్లయి ఉత్తరాది రైలెక్కిన పూట మామగారి స్నానానికి నీళ్లు కాస్తోంది. అందుకే షిగెనో ముందుగానే చెప్పి పెట్టింది. "కినుయో అక్కా, నువ్వు రాలేదని ఓడ ఆగదు. నేను మాత్రం గట్టుకేసే చూస్తూ ఉంటాను."

మాస్టారు నలభై ఏళ్లుగా చెబుతున్న ఆంగ్ల నవలనే ఆ రోజూ ఎత్తుకున్నారు. అందులో తండ్రి బల్ల కొసన కూర్చుని మాంసం కోస్తాడు. మొదటి ముక్క తన కంచంలో పడేదాకా ఎవరూ చెంచా ముట్టుకోకూడదు. చివరి అధ్యాయంలో తల్లి కొత్త టోపీ పెట్టుకుని ఇల్లు విడిచి వెళ్లిపోతుంది.

"ఎంత అనాగరికమో చూడండి," అన్నారు మాస్టారు. "తిండి దగ్గర కూడా మొదలు తనకేనట. మన జపాను ఇళ్లలో యజమాని అడిగేదేముంది? మొదటి స్నానం. తొట్టిలో ఆయన ముందు దిగుతాడు, అవే నీళ్లలో పిల్లలు, చివర ఇల్లాలు. అది పెత్తనం కాదు. వేడి ఎంతుందో ముందుగా తన ఒంటి మీద చూసుకునే త్యాగం."

చప్పట్లు మోగాయి. వందన సమర్పణలో పనికొస్తుందని ఇసాబురో గారు 'త్యాగం' అని రాసుకున్నారు.

"ఇక ఆ తండ్రి చేసిన ఘోరమైన తప్పు ఒకటుంది. భార్య టోపీ కొనుక్కుంటే గమనించలేదు. పాశ్చాత్యులకు పరిశీలన తక్కువ."

షిగెనో కొత్త టోపీ వారం రోజుల పాటు మాస్టారి ఇంటి గుమ్మంలో, ఆయన గొడుగు పక్కనే వేలాడింది. గోడ పక్కనున్న ఆడవాళ్లందరికీ ఒక్కసారిగా దగ్గు వచ్చింది.

అప్పుడే రేవులో ఓడ కూసింది.

టీ పోసే మనిషి సభ వదిలి కదలకూడదు. కదిలితే మరిగే నీళ్ల కోసమే కదలాలి. కినుయో చేతిలో కెటిలేమో నిండుగా ఉంది. ఆమె మెల్లగా తలుపు దాకా వెళ్లింది. "ఏమేవ్" అన్నారు ఇసాబురో గారు, అటు చూడకుండా కప్పెత్తి. ఆమె కాళ్లు వాటంతటవే వెనక్కి తిరిగాయి. కప్పు నింపింది. మళ్లీ ఓడ కూసింది. కినుయో కిటికీ దగ్గరికి నడిచి, కెటిల్లో మిగిలిన నీళ్లన్నీ బయటికి వంపేసింది.

"నీళ్లయిపోయాయండీ. కాచుకొస్తాను."

"ఊఁ."

ఆశ్చర్యం, తక్కిన ఆడవాళ్ల కెటిళ్లలోనూ అదే క్షణంలో నీళ్లయిపోయాయి.

రేవు గట్టు మీద కెటిళ్ల ఊరేగింపు వస్తుంటే ఓడవాళ్లు ఇదేదో కొత్త పండగ అనుకున్నారు. షిగెనో పై అంతస్తు కమ్మీ దగ్గర నిలబడి, అక్కడి వీడ్కోలు ఆచారం ప్రకారం ఒక కొస తన చేతిలో ఉంచుకుని, రంగుకాగితపు చుట్టలు గట్టు మీదికి విసిరింది. గులాబీ రంగు చుట్ట కొసని కినుయో పట్టుకుంది.

"టోపీ బాగుందే!"

"ఆ ఇంగ్లీషావిడ వెళ్లిపోయిందని ఆయన నలభై ఏళ్లుగా చెబుతున్నారు అక్కా. టోపీ కొనుక్కోవడానికే నాకింత కాలం పట్టింది. నువ్వూ వచ్చెయ్, నారింజలు కోయడానికి మనుషులు చాలరట."

"ముందు ఈ కెటిల్ అప్పగించి రావాలి కదే."

ఓడ కదిలింది. కాగితం సాగి సాగి, బిగిసి, తెగింది. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, కినుయో తన చేతిలో మిగిలిన ముక్కని కెటిల్ పిడికి కట్టేసింది. మనిషిని కళ్లారా చూస్తూ ఏడవడం ఇంత సుఖంగా ఉంటుందని ఆమెకి ఆ వయసులో తెలిసింది.

వాళ్లు తిరిగొచ్చేసరికి సభ సాగుతూనే ఉంది. కప్పులు ఎండిపోయాయి. బల్ల మీద వేడినీళ్ల ఫ్లాస్కు ఉంది గాని, దాని మూత ఎటు తిప్పాలో తెలిసిన పండితులు సభలో లేరు. రేవుపేటలో తండ్రి పెత్తనం కనిపించలేదని ఏకగ్రీవంగా తీర్మానించారు. వెతకడానికి ఉపసంఘం వేశారు, అందులో అందరూ తండ్రులే. ఇసాబురో గారు వందన సమర్పణ చేస్తూ, స్త్రీలు ఎవరూ చెప్పకుండానే కెటిల్‌కు గులాబీ కాగితం కట్టి అలంకరించారనీ, స్వేచ్ఛ అంటే ఇదేననీ అన్నారు.

ఆ సాయంత్రం మాస్టారు ఇంటికి వెళ్లగానే, "స్నానానికి నీళ్లు సిద్ధంగా ఉన్నాయి" అని గోడ మీది యంత్రం ఆడగొంతుతో చెప్పింది. "ఊఁ" అన్నారు. ఫ్రిజ్‌లో షిగెనో వండి సర్దిపెట్టిన డబ్బాలు ఇంకా అయిపోలేదు. మూడో రోజు ఆయన తొట్టిలోంచే మెచ్చుకున్నారట, "ఈమధ్య నీ మాట మృదువుగా ఉంటోంది" అని.

కినుయో ఈమధ్య రైల్వేస్టేషను దారిలో టోపీల దుకాణం ముందు ఆగుతోంది. ఇసాబురో గారు ఉపసంఘం పనిలో తలమునకలుగా ఉన్నారు. చదువుతున్న పెద్దమనుషులు వీళ్లని చూసి తప్పకుండా నవ్వుకోవచ్చు. కాకపోతే ముందు ఒకసారి లేచి, మీ ఇంటి గుమ్మంలో, గొడుగు పక్కన, కొత్తగా ఏం వేలాడుతోందో చూసి రండి.